ఎదురింటి మిద్దె మీది ఎండ

ఇవాళ సాయంత్రం మా వంటింటి పైకప్పు మీద మళ్ళీ వెలుగు పడింది.

మాది ఎండ రాని ఇల్లు. హోసూరులో అద్దె ఇళ్ళు ఇలాగే ఉంటాయని దిగేటప్పుడే చెప్పారు. వెనక గోడకు ఇంకొకరి గోడ ఆనుకుని ఉంటుంది. వీధివైపు కిటికీలకు ఓనరు ఎంతో ముందుచూపుతో వెడల్పాటి సజ్జాలు పోయించాడు. అందుకని మా రెండో అంతస్తులోకి ఎండ పైనుంచి రాదు. వస్తే కిందినుంచే రావాలి. ఎదురింటావిడ మిద్దె మీద సోలార్ పలకలు ఉన్నాయి. పొద్దు వాలేటప్పుడు వాటి మీద పడ్డ ఎండ ఎగిరి, వీధి దాటి, మా కిటికీలో దూరి, పైకప్పు మీద నీళ్ళలా కాసేపు కదిలేది. ఆమె కరెంటు కారు తిన్నంత తినగా మిగిలిన ఎండ అది. మా వంతుకు వచ్చింది ఆ ఎంగిలే.

ఆమె పోయాక పలకల మీద దుమ్ము పేరుకుంది. వెలుగు రావడం మానేసింది. ఇవాళ అది హఠాత్తుగా కనపడేసరికి గరిటె చేతిలో పట్టుకునే కిటికీ దగ్గరికి పరుగెత్తాను. మిద్దె మీద ఒకావిడ కొంగు దోపుకుని పలకలు కడుగుతోంది. అదే వీపు, అదే వంగడం. చూస్తే ఆమె కాదు, ఆమె చెల్లెలు. కావేరిపట్టణం నుంచి వచ్చిందట.

ఆ చెల్లెలు చెప్పిన సంగతి విని వచ్చినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పాప పడుకుంది. మా ఆయనకు నైట్ షిఫ్ట్. ఎదురింటావిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. చాలాసేపు కాగితం ఖాళీగానే ఉంది. నాకు ఆమె మీద ఎప్పుడూ ఉన్నది అసూయ. అందుకని దాన్నుంచే మొదలుపెడుతున్నాను.

అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. జవళగిరి దగ్గర అడవి అంచున వాళ్ళ పొలం. తాతముత్తాతల నాటి నుంచి అక్కడ సేద్యం చేసిన తెలుగువాళ్ళు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఇల్లు హోసూరులో, సేద్యం జవళగిరిలో, రెండింటి మధ్యా ఒక తెల్లటి ఎలక్ట్రిక్ కారు. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుందట. ఎందుకని ఎవరైనా అడిగితే, "జవళగిరి పోయే తళి బస్సుకు నిలబడి నిలబడి నన్ను జనాలు కరెంట్ స్తంభం అనుకునేది మొదలుపెట్టినారప్పా. ఒకనాడు ఒకడు నా మీద పోస్టర్ అతికించడానికి కూడా వచ్చినాడు" అనేది.

తెల్లవారకముందే బయల్దేరేది. చిక్కుడు, టమాటా కోయించి, కూలీలకు పని చెప్పి, పొద్దు బాగా ఎక్కేలోపు తిరిగొచ్చేది. రాగానే కారుకు ఛార్జింగ్ పెట్టేది. మూడు గంటలకు తీసేసేది. ఆ వేళల్లో కారు వీధి చివరికి కూడా కదిలేది కాదు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు కూడా ఆ వేళ అయితే ఆటోలో పోయేది. ఇదేం పట్టుదల అని నేను ఒకసారి అడిగాను.

"ఎద్దులకు ఎప్పుడు మడక కట్టేదో నీకు తెలుసునా?" అని నన్నే ఎదురడిగింది. నాగలి సంగతి నాకేం తెలుసు, తెలియదన్నాను. "తెల్లారి కట్టాల. ఎండ ఎక్కినాక విప్పేయాల. నడిపొద్దున ఎద్దు మేస్తాది, పండుకుంటాది. ఆ పొద్దులో దాన్ని లేపినోడు సేద్యగాడు కాదు. దీనికీ అంతే."

నల్లటి ఛార్జింగ్ వైరును చుట్టగా చుట్టి భుజాన వేసుకుని వచ్చేది. కారు మూత తెరిచి ప్లగ్గు దూర్చి "కట్టేసినాను" అనేది. తీసేటప్పుడు "విప్పినాను" అనేది. ఎవరితో అనేదో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. వాకిట్లో ఎవరూ ఉండేవారు కాదు. కారును పూర్తిగా నిండనిచ్చేది కాదు, "కడుపు ఉబ్బుతాది" అనేది. అలాగని పూర్తిగా ఖాళీ కానిచ్చేదీ కాదు. "పాలు పిండేటప్పుడు దూడకని ఒక చన్ను విడుస్తాం. కుండకు ఆశపడి అదీ పిండినామంటే దూడ ఉసురు తగులుతాది" అనేది. ఆ కారుకు దూడ ఏమిటో, ఎక్కడుందో ఆమెకే తెలియాలి. రాత్రిపూట మాత్రం చచ్చినా ఛార్జింగ్ పెట్టేది కాదు. చీకట్లో వచ్చే కరెంటు ఎవరి మిద్దె మీద పండిందో, ఏం తిని పండిందో ఎవరికి తెలుసు అని ఆమె వాదన.

గ్రహణం వచ్చిందంటే ఛార్జింగ్ పెట్టె మీద, కారు మూత మీద గరిక పోచలు పెట్టేది. ఒకసారి చంద్రగ్రహణానికి కూడా పెట్టింది. మా వీధి చివర ఇస్త్రీ చేసే ఆయన పగలబడి నవ్వాడు.

"అది చంద్రుడి గ్రహణమమ్మా. మీ బండి తినేది సూర్యుణ్ణి కదా!"

"ఉండనీప్పా. వాళ్ళిద్దరూ ఒక ఇంటోళ్ళే. ఒకరి ఇంట్లో చావయితే ఇంకొకరికి మైల అంటదా?"

ఆయన నవ్వు ఆపి ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు. ఆమెకు ఎదురుగా ఎవరికీ జవాబు తోచేది కాదు. నన్ను మండించిన సంగతుల్లో అదొకటి.

ఇంకొకటి గొప్పలు. మిద్దె మీద పలకలు ఎంత కరెంటు పండిస్తున్నాయో చూపించే యాప్ ఒకటి ఆమె ఫోన్‌లో ఉండేది. ఆకుపచ్చ అంకె ఎండను బట్టి ఎగురుతూ దిగుతూ ఉంటుంది. కొత్తిమీర అమ్మే ఆవిడకు, గ్యాస్ సిలిండర్ తెచ్చే ఆయనకు, దారి అడగడానికి ఆగిన కొత్త మనిషికి కూడా ఆ ఫోన్ చూపించేది. "చూడు, నేను ఈడ కూచొని నీతో మాట్లాడతా ఉండాను, నా మిద్దె పని చేస్తా ఉండాది." ఆ మాట నా చెవిన పడిన ప్రతిసారీ నా చేతిలో పాప తడి గౌనే ఉండేది. మా బాల్కనీలో గౌను ఆరడానికి రెండు రోజులు పట్టేది. ఆరాక కూడా ముక్క వాసన వచ్చేది. ఒకే వీధి, ఒకే ఆకాశం. ఒకరికి ఎండ బండికి మేత. ఇంకొకరికి ఒక గౌను ఆరేంత లేదు.

నాకూ కొన్ని మంచి రోజులు ఉండేవి. అవి కరెంటు పోయిన రోజులు. వీధిలో కరెంటు పోతే ఆమె పలకలు కూడా పనిచేయడం ఆగిపోతాయి. లైను మీద పనిచేసేవాళ్ళకు షాక్ కొట్టకుండా అలా ఏర్పాటు చేస్తారు. ఆమెకు అది తలకెక్కేది కాదు. ఎర్రటి ఎండలో వాకిట్లో నిలబడి చేతులు తిప్పుతూ, "వాళ్ళ కరెంట్ పోతే నా ఎండ ఏమిటికి నిలిచిపోవాల? పక్కింటోడి పెళ్ళాం పుట్టింటికి పోతే నేను పస్తుండాల్నా?" అని అరిచేది. నేను పైనుంచి వింటూ పాపకు నింపాదిగా జడ వేసేదాన్ని. ఆ పూట ఆమెకూ లేదు, నాకూ లేదు. అంతకంటే చల్లటి పూట ఉంటుందా!

మా దగ్గర ఉన్నది ఎలక్ట్రిక్ స్కూటర్. దానికి ఛార్జింగ్ పెట్టాలంటే రెండో అంతస్తు నుంచి పొడుగు వైరు కిందికి వేలాడదీయాలి. ఓనరు అది చూసినప్పుడల్లా "ఇది ఇల్లా, పడవా? లంగరు దింపినారు" అని సణిగేవాడు. ఒకరోజు ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి పైకి చూసి కేకేసింది.

"ఏమ్మా, ఆ వైరు ఎత్తేయ్. నీ బిడ్డను ఈడికి తోలుకొని రా. ఈడ బోలెడంత ఎండ పోతా ఉండాది."

నేను పాపను ఎత్తుకుని దిగాను. ఆమె అన్నది స్కూటర్‌ని. అయినా ఏం, చివరికి రెండూ ఆమె దగ్గరికే చేరాయి.

మాది ఒంగోలు వైపు. "చాలా థ్యాంక్స్ పెద్దమ్మగారూ" అన్నాను.

"గారెలూ వద్దు, బూరెలూ వద్దు. పెద్దమ్మా అను, చాలు."

అలా రోజూ స్కూటర్ అక్కడ పెట్టడం మొదలైంది. పెట్టి వెనక్కి తిరిగితే పాప నాతో వచ్చేది కాదు. కారు ముందు సీటులో కూర్చుని ఉండేది.

పాపకు అప్పటికి రెండున్నర దాటింది. ఒక్క మాట లేదు. చెవులు బాగా వినపడతాయి. చెప్పులు తెమ్మంటే తెస్తుంది, తలుపు వెయ్యమంటే వేస్తుంది. నోరు మాత్రం విప్పదు. ఒంగోలు నుంచి మా అత్తగారు రోజూ ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగేవారు. "అమ్మ అందా?" అనలేదత్తయ్యా. "మావాడు ఏడాదికే అన్నాడే!"

ఇంజనీరింగ్ చదివాను. పాప కోసం ఉద్యోగం మానేశాను. పిల్లల మాటల గురించి ఫోన్‌లో నేను చదవనిది లేదు. ఏది చదివినా చివరికి తప్పు తల్లి దగ్గరే తేలేది. సరిగ్గా మాట్లాడటం లేదేమో, ఎక్కువ మాట్లాడి పిల్లకు సందు ఇవ్వడం లేదేమో. పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని గుండె మీద చెయ్యి వేసుకుని "అమ్మ, అమ్మ" అని చూపించేదాన్ని. పాప శ్రద్ధగా చూసి, అక్కడ దోమ వాలిందనుకుని కాబోలు, నన్ను ఒక్కటి చరిచేది.

ఆ పిల్లే ఎదురింట్లో గంటలు గంటలు కూర్చునేది. ఆమె ఫోన్ పాప ఒళ్ళో పెట్టేది. మబ్బు వస్తే ఆకుపచ్చ అంకె పడిపోయేది. "యాడికి పోయింది ఎండ?" అని ఆమె అడిగేది. పాప ఆకాశం వైపు చెయ్యి చూపేది. మబ్బు తొలగగానే అంకె ఎగిరేది. "వచ్చింది, వచ్చింది! ఎండ వచ్చింది!" అని ఆమె చప్పట్లు కొట్టేది. ఇద్దరికీ ఇదే ఆట. అరవై ఏళ్ళ మనిషికి విసుగు ఎందుకు రాదో నాకు అంతుపట్టేది కాదు.

ఒక మధ్యాహ్నం కిందినుంచి కేక వినిపించింది.

"ఏమ్మా! ఓ అమ్మా! బిన్నా దిగి రా! మాట్లాడింది! పాప ఎండ అనింది!"

మెట్లు ఎలా దిగానో తెలియదు. పాప కారులో కూర్చుని ఆకాశం వైపు వేలు పెట్టి, అదేదో ఎప్పటినుంచో అంటున్న మాటలాగా, "ఎండ" అంది. ఇంకోసారి "ఎండ" అంది. ఎదురింటావిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. కానీ నాకు మొదట వచ్చింది సంతోషం కాదు. సంతోషం రెండోదిగా వచ్చింది.

రెండున్నరేళ్ళు నేను ఎదురుచూసిన మొదటి మాట. అది ఆమె మిద్దె మీది ఎండకు పోయింది.

మర్నాటి నుంచి నేను కూడా పాపను బాల్కనీలో నిలబెట్టి "ఎండ ఏదమ్మా? ఎండ ఏది?" అని మొదలుపెట్టాను. మా బాల్కనీలో చూపించడానికి ఎండ ఎక్కడుంది? పాప అడ్డకమ్ముల మధ్య నుంచి ఎదురింటి మిద్దె వైపు వేలు చూపేది. ఎక్కడుందో దానికి తెలుసు.

"పిల్లలు లేని ఆమె మీద నీకు ఈ కుళ్ళేమిటి? నీకు పిల్ల ఉంది కదా" అన్నాడు మా ఆయన.

"పిల్ల ఉంది. మాట ఆమె దగ్గరుంది" అన్నాను.

ఒక్క మాట వచ్చాక మళ్ళీ ఏమీ లేదు. నాకు భయం పెరిగింది. కృష్ణగిరిలో పిల్లల మాటలు చూసే డాక్టరమ్మ ఉందని తెలిసింది. బస్సు ఎక్కితే పాప వాంతులు చేసుకుంటుంది. మా ఆయనకు సెలవు దొరకలేదు. "నేను పిలుచుకొని పోతాను, పద" అంది ఎదురింటావిడ. తన కారు నడిపొద్దున మేత మానేసి రోడ్డెక్కడం ఆ ఒక్కరోజే చూశాను.

శూలగిరి దాటాక రోడ్డు కిందికి దిగుతూ పోతుంది. కారు ముందున్న తెర మీద ఛార్జింగ్ అంకె తగ్గకపోగా ఒకటి పెరిగింది.

"చూసినావా? దిగుడులో నెమరేస్తా ఉండాది" అంది.

దిగేటప్పుడు చక్రాలు కరెంటును బ్యాటరీకి తిరిగి పంపిస్తాయని నేను కాలేజీలో చదివాను. పరీక్షలో బొమ్మ కూడా వేశాను. నెమరు అన్న మాట నాకు కాకుండా ఆమెకు తట్టినందుకు ఆ బొమ్మకు వచ్చిన మార్కులు కూడా వెలవెలబోయాయి.

డాక్టరమ్మ పాపతో చాలాసేపు ఆడుకుంది. చెవులు చూసింది, నాలుక చూసింది. కంగారేమీ లేదని చెప్పి, "ఇంట్లో పాపతో ఎక్కువ మాట్లాడేది ఎవరు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే, "నేనే" అంది ఎదురింటావిడ.

నేను ఆమె వైపు చూసిన చూపుకు కొంచెం తగ్గింది. "ఈయమ్మ కూడా మాట్లాడతాది. మాట్లాడదని కాదు. అయితే ఈయమ్మ భయపడి మాట్లాడతాది. నేను ఊరికే మాట్లాడతాను."

డాక్టరమ్మ నవ్వి నా వైపు తిరిగింది. "అదే మందు. మీరు కూడా ఊరికే మాట్లాడండి."

ఊరికే మాట్లాడటం! ఎలా? భయపడకుండా పిల్లను చూడటం నాకు ఎవరు నేర్పారు? ఆమెకేం, సాయంత్రం అయితే పిల్లను నా చేతికిచ్చి తలుపు వేసుకుంటుంది. పిల్లకు మాటలు రాకపోతే రేపు జనం అడిగేది నన్ను. ఇవన్నీ ఆ గదిలోనే అనాలనుకున్నాను. ఆమె కారులో వచ్చాను కాబట్టి ఆమె కారులోనే తిరిగి పోవాలి కదా అని ఊరుకున్నాను.

తిరుగు దారి అంతా ఎత్తు. వాన మబ్బు పట్టింది. పోయేటప్పుడు నిలబడి ఉన్న అంకె ఇప్పుడు జారిపోతోంది. ఒక హోటల్ ముందు ఛార్జింగ్ బోర్డు కనపడింది.

"పెద్దమ్మా, ఆపండి, కొంచెం పెట్టుకుని పోదాం" అన్నాను.

"ఊరోళ్ళ దొడ్డిలో మేపేదా? ఇంటికి పోయి తింటాదిలే."

"మధ్యలో ఆగిపోతే? పాప ఉంది, చీకటి పడుతోంది, వాన వచ్చేలా ఉంది..."

"చూసినావా? ఇదే నేను చెప్పింది. నువ్వు బండితో కూడా భయపడి మాట్లాడతావు."

ఏసీ ఆపేసింది. అద్దాలు దించింది. ముందు ఎత్తు కనపడగానే స్టీరింగ్ మీద అరచేత్తో తట్టి, "పద తల్లీ, ఇంకొక మిట్ట. పద, పద" అంది.

నా ఒళ్ళోంచి పాప అంది. "పద!"

ఎదురింటావిడ అద్దంలోంచి నన్ను చూసింది. నవ్వలేదు. నవ్వు ఆపుకున్న మొహం నవ్విన మొహం కంటే ఎక్కువ మండిస్తుంది. రెండో మాట కూడా వచ్చేసింది. అది బండికి.

ఇంటికి చేరాం. ఆమె చెప్పినట్టే చేరాం. చేరకుండా ఉండుంటే ఒకరకంగా బాగుండేదని అనుకున్నాను, పాప భుజం మీద నిద్రపోతుండగా.

ఆ తర్వాత కొన్ని వారాలకు వచ్చింది నా రోజు. పాప ఎదురింట్లో ఉంది. నేను వంటింట్లో ఉప్మా కలుపుతున్నాను. మా మెట్ల కిందినుంచి పిలుపు వినిపించింది.

"అమ్మా!"

ఒక్కసారే. గట్టిగా. ఆ గొంతులో ఆ మాట నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు, అయినా అది ఎవరిదో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేకపోయింది. పరుగెత్తాను. మొదటి మెట్టు మీద, ఊచ పట్టుకుని, తల ఎత్తి పాప ఒక్కతే నిలబడి ఉంది. ఎదుటి గేటు మూసి ఉంది. పిల్లను వీధి ఒంటరిగా దాటనిచ్చారని కోపం రావాల్సింది. ఆ పిలుపు ముందు కోపం సంగతే గుర్తు రాలేదు. ఒంగోలుకు ఫోన్ చేశాను. ఫ్యాక్టరీలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. ఉప్మా మాడిపోయింది.

సాయంత్రం కేసరి చేసి గిన్నెలో పెట్టుకుని ఎదురింటికి పోయాను. మర్యాదకు కాదు. చూపించడానికి.

"నిజంగానా!" అని ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "ఎప్పుడు? ఏ మెట్టు మీద నిలబడుకొని అనింది? గట్టిగా అనిందా, మెల్లగానా?"

అన్నీ చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. కేసరి రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టేసింది. తీపంటే ప్రాణం పెట్టే మనిషి. ఇన్నాళ్ళకు ఆమె నన్ను చూసి కుళ్ళుకుంటోందని నాకు తెలిసిపోయింది. ఆ రాత్రి నాకు పట్టినంత నిద్ర పాప పుట్టాక ఎప్పుడూ పట్టలేదు.

పోయిన నెల ఒక ఉదయం ఆమె పొలానికి పోయి వేళకు తిరిగి రాలేదు. చిక్కుడు తోటలో గట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. కారును మధ్యాహ్నం వాళ్ళ ఊరి మనిషి ఎవరో తోలుకొచ్చి వాకిట్లో పెట్టాడు. ఎర్రటి ఎండ. పాప బాల్కనీలో నిలబడి చూసి, "అవ్వ బండి కట్టెయ్యలేదు" అంది. అప్పటికి దానికి మాటలన్నీ వచ్చేశాయి. అన్నీ ఆమె యాసలోనే వచ్చాయి. "యాడ," "ఈడ," "బిన్నా." ఒంగోలు ఫోన్‌లో మా అత్తగారు "ఇదేం తెలుగే!" అని నవ్వుతారు.

ఇవాళ ఆ చెల్లెలిని చూసి పాపను తీసుకుని కిందికి దిగాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది.

"నువ్వేనా ఆ పైమిద్దె అమ్మాయి? ఇదేనా ఆ పాప? బాగా ఎదిగిందే!" అంది. పాపను ఎత్తుకుంది. "ఇది ఫస్టు అమ్మా అనిన పొద్దు నేను ఈడనే ఉన్నింటిని. అక్కను చూసేదానికి వచ్చింటిని, సాయంత్రం కాకముందే పోతిని."

"మా మెట్ల దగ్గర అంది కదా" అన్నాను.

"మెట్ల దగ్గర అనింది రెండోసారి. ఫస్టు అనింది ఈడ." కారు చూపించింది. "ఇది ఆ సీట్లో కూచోనుండాది. మా అక్క వైరు తెస్తా ఉండాది. మా అక్క మొగం చూసి, చెయ్యి చాపి, అమ్మా అనింది. నాకు ఒళ్ళంతా పులకరించింది. అక్కా, నిన్ను అమ్మా అనింది, చక్కెర తీసుకొని రా అంటిని. అక్క వైరు కింద పడేసి వచ్చి పాప నోరు మూసింది."

"నోరు మూసిందా?"

"నేను కాదు, తప్పు, నేను అవ్వను అనింది పాపతో. నాకు చెప్పింది, ఈ మాట ఆ మిద్దె మీద ఉండేదానిది, అది దీనికోసమే బతుకుతా ఉండాది, నువ్వు నోరెత్తినావంటే నీ ఇంటి గడప తొక్కను అని. పిల్లను చంకన ఎత్తుకొని పోయి మీ మెట్టు మీద నిలబెట్టింది. ఇప్పుడు అను, గట్టిగా అను అని చెప్పి ఉరుకుతా వచ్చి గేటు మూసుకునింది. దాని సందులోనుంచి చూస్తా నిలబడింది. నువ్వు దిగొచ్చి పిల్లను ఎత్తుకున్నంత వరకు."

నేను మా మెట్ల వైపు తిరిగి చూశాను.

"ఆమీట పోయి కారులో కూచొనింది. అద్దాలు ఎక్కించుకునింది. నేను భోజనానికి పిలిచినా దిగలేదు. మా అక్కను నేను అట్ల చూసింది ఆ ఒక్క పొద్దే." ఆవిడ పాప బుగ్గ పుణికి నా చేతికిచ్చింది. "ఇప్పుడు అక్క లేదు కదా. చెప్పినా ఏమీ అనుకోదులే."

మెట్లెక్కుతూ నాకు నేను సర్ది చెప్పుకోవడానికి ఎంతో ప్రయత్నించాను. ఈ ఊళ్ళో ఆడవాళ్ళనందరినీ అమ్మా అనే పిలుస్తారు. పాలవాడూ, కూలీలూ, కొత్తిమీర ఆవిడా ఆ వాకిట్లో నిలబడి పొద్దస్తమానం ఆమెను అమ్మా, అమ్మా అంటూనే ఉండేవారు. పిల్ల విన్నది అదే, అన్నది అదే. అంతకంటే ఏమీ లేదు. ఇలా అనుకుంటే తేలిక పడాలి. పడలేదు. అదేమీ లేని మాటే అయితే ఆమె అంత పరుగు ఎందుకు పరుగెత్తింది?

నా కేసరి తిని, నా గెలుపు కథ నా చేతే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఏ మెట్టు మీద నిలబడి అందో అడిగింది. నిలబెట్టింది తనే! ఇంత పెద్ద సంగతిని చేతిలో పెట్టుకుని, నా ఎదురుగా కూర్చుని, ఏమీ తెలియనట్టు గడ్డం కింద చెయ్యి పెట్టుకోవడం ఎవరివల్ల అవుతుంది? నా వల్ల కాదు. నాకు అలాంటి మాట దొరికి ఉంటే వీధి వీధంతా వినపడేలా అరిచి ఉండేదాన్ని. ఒంగోలుకు కూడా వినపడేది. ఎండలో, మాటలో, పిల్లను ఊరికే చూడగలగడంలో ఆమె నాకంటే ముందుండేది. ఒక్కదానిలో నేను ముందున్నానని నమ్మాను. అదీ ఆమె పెట్టినదే. ఇక తిరిగి పెట్టడానికి మనిషి లేదు, పోటీ పడటానికీ లేదు. పోయినవాళ్ళతో ఎవరు గెలుస్తారు!

అన్నం వార్చి వంటింట్లో ఊరికే నిలబడి ఉన్నాను. ముందు గదిలోంచి పాప పిలిచింది.

"అమ్మా!"

రోజుకు ఎన్నోసార్లు పిలుస్తుంది. ఇవాళ పలకడానికి ఒక క్షణం ఆలస్యమైంది. నాకంటే ముందు పలకాల్సిన వాళ్ళు ఎవరో ఉన్నట్టు ఆగాను.

"అమ్మా!" అని మళ్ళీ పిలిచింది.

"ఆఁ" అన్నాను. ఎదురింటికి వినపడేంత గట్టిగా.